గిటార్ యాంప్లిఫయర్ పెట్టెకు పళ్ళ అతుకు: కలప ఎంపిక నుంచి జిగురు ఆరేదాకా

12 అంగుళాల గిటార్ స్పీకర్ తేలికేమీ కాదు. సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ 3.6 కిలోలు ఉంటుంది, అదే కంపెనీ వింటేజ్ 30 అయితే 4.7 కిలోలు. ఆ బరువంతా ముందున్న బాఫిల్ పలకకు, అంటే స్పీకర్‌ను బిగించే పలకకు, వేలాడుతుంది. పెట్టెను బండిలో వేసి ఇచ్చాపురం నుంచి పర్లాకిమిడి మీదుగా ఆర్. ఉదయగిరి కొండదారి ఎక్కించారంటే, ప్రతి గతుకు దెబ్బా నాలుగు మూలలకే తగులుతుంది. వాయించేటప్పుడు ఇంకో పరీక్ష. గిటార్ మీద అన్నిటికంటే లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది; ఆ కంపనాన్ని పెట్టె గోడలు కూడా అందుకుంటాయి. మూలలో వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా అక్కడ జివ్వుమని మోత మొదలవుతుంది. స్పీకర్ పాడైందనుకుని మార్చేవాళ్ళు చాలామంది. చాలాసార్లు తప్పు అతుకులోనే ఉంటుంది.

చర్చి గాయక బృందాలకూ బరంపురం వైపు మెలోడీ బృందాలకూ పనికొచ్చేలా, ఒక 12 అంగుళాల స్పీకర్ పట్టే పెట్టె మూలలు ఎలా కోయాలో ఇక్కడ పూర్తిగా ఉంది. పెట్టె బయటి కొలతలు: వెడల్పు 500, ఎత్తు 430, లోతు 276 మి.మీ. పలక మందం 18 మి.మీ. లోతు 276 ఎందుకో ముందుకు పోయాక తెలుస్తుంది. మన మేస్త్రీలు అంగుళాలు, నూళ్ళ లెక్కలో కొలుస్తారు. కిటికీ చట్రానికి అది సరిపోతుంది. ఈ పనిలో ఒక నూలంటే 3 మి.మీ. పైచిలుకు, అతుకు బిగుతేమో మిల్లీమీటరులో పదోవంతు దగ్గర తేలుతుంది. కాబట్టి మొదటి నుంచీ మిల్లీమీటర్లలోనే పోవాలి. అంత సన్న తేడా కొలిచే వెర్నియర్ క్యాలిపర్ ఒకటి కొనుక్కోండి. అది లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

పళ్ళ అతుకే ఎందుకు

ఒక పలక చివరను ఇంకో పలక ముఖానికి ఆనించి స్క్రూలు బిగిస్తే అది బట్ జాయింటు. అతికే చోటు 18 × 276, అంటే దాదాపు 5000 చదరపు మి.మీ. లెక్కకు బాగానే కనిపిస్తుంది. కానీ అందులో ఒక వైపు పలక చివరి కొస. కలప నరాలు అక్కడ తెగి నోళ్ళు తెరుచుకుని ఉంటాయి, జిగురును పీల్చేసుకుంటాయి. ఆరాక అక్కడ పట్టు నిలవదు, బరువంతా స్క్రూల మీదే పడుతుంది.

పళ్ళ అతుకులో రెండు పలకల చివరలూ దువ్వెనల్లా కోసి ఒకదాన్లో ఒకటి దిగేస్తారు. 12 మి.మీ. పళ్ళతో 276 లోతును భాగిస్తే సరిగ్గా 23 భాగాలు. వాటి మధ్య 22 పక్క ముఖాలు, ఒక్కోటి 18 × 18. మొత్తం 7100 చదరపు మి.మీ. దాటుతుంది, పైగా అదంతా పొడవు నరానికి పొడవు నరం అతికే చోటు. జిగురుకు అసలు బలం దొరికేది అక్కడే. స్క్రూ ఒక్కటి కూడా అక్కర్లేదు.

స్క్రూ లేకపోవడం వల్ల ఇంకో మేలుంది. రెగ్జిన్ అతికించే ముందు పెట్టె అంచులన్నీ 12 మి.మీ. గుండ్రంగా తీయాలి. మూలలో స్క్రూలుంటే రౌటర్ (వేగంగా తిరిగే బిట్‌తో కలపను చెక్కే యంత్రం) బిట్ వాటికి తగిలి ముక్కలై కంటికి ఎగురుతుంది. పలక అంచులో సగం మందం మెట్టు తీసి అతికించే రాబెట్ పద్ధతిలోనైతే, మిగిలే 9 మి.మీ. పెదవిలో చాలా భాగాన్ని ఆ గుండ్రమే తినేస్తుంది. పళ్ళ అతుకులో మూల మొత్తం గట్టి కలపే, ఆ గుండ్రం తీసినా అతుకు నిలుస్తుంది. 1950ల నాటి ఫెండర్ పెట్టెలు పైన్ కలపతో ఈ అతుకుతోనే కట్టారు.

లోతు 276 కావడానికీ ఈ 23 భాగాలే కారణం. భాగాల సంఖ్య బేసిగా ఉంటే ఒక పలక రెండు అంచుల్లోనూ పన్నే వస్తుంది, దాని జోడు పలక రెండు అంచుల్లోనూ గాడే వస్తుంది. పెట్టె ముందూ వెనకా ఒకేలా ఉంటాయి. సరిసంఖ్య అయితే ఒక చివర పన్ను, ఇంకో చివర గాడి వచ్చి పలకల్ని తలకిందులు చేసినప్పుడల్లా తికమక అవుతుంది. అరంగుళం బిట్ దొరికితే అది 12 కాదు, 12.7 మి.మీ. అప్పుడు లోతు 23 × 12.7, అంటే 292 మి.మీ. పెట్టుకోండి.

ఏ కలప

నాలుగు పలకలకు పట్టే కలప 0.0092 ఘనపు మీటర్లు, అంటే ఘనపుటడుగులో మూడోవంతు. చిత్రికకు, కోతకు పోయేది కలుపుకుని అర ఘనపుటడుగు కొనాలి. అదే కొలతకు పైన్ అయితే పెట్టె గోడలు నాలుగున్నర కిలోలు తూగుతాయి. మామిడి ఆరు కిలోలు. ఒడిశా అడవి సాల కలప ఎనిమిది కిలోలు దాటుతుంది. ద్వారబంధానికి మేలైన సాలను ఇక్కడికి తేవొద్దు: బరువు, దానికి తోడు పళ్ళు కోసేటప్పుడు పెళుసుగా లేస్తుంది.

మన ప్రాంతంలో ఈ పనికి అన్నిటికంటే తగినది గుమ్మడి టేకు. బరంపురం, పర్లాకిమిడి అడితిల్లో గంభారి అని అడగండి. పైన్ అంత తేలిక, ఒకసారి ఆరాక పెద్దగా వంకర పోదు, ఉలికి మెత్తగా లొంగుతుంది. రెండో ఎంపిక పైన్. ముడులు లేని పలకలు ఏరుకోవాలి. పన్ను మీదికి ముడి వస్తే ఆ పన్ను విరిగిపోతుంది. 18 మి.మీ. మందంలో ముందే అతికించి అమ్మే పైన్ బోర్డులు కూడా ఈ పనికి బాగుంటాయి. జామాయిల్ వద్దు, ఆరేకొద్దీ మెలిక తిరుగుతుంది. టేకు అందంగా ఉంటుంది గానీ రెగ్జిన్ కింద దాచే కలపకు అంత డబ్బు దండగ. పైగా దాని నూనెవల్ల జిగురు పట్టడానికి ఇబ్బంది. వాడక తప్పకపోతే అతికించే ముందు ముఖాల్ని థిన్నర్‌తో తుడవాలి.

ప్లైవుడ్ కూడా వాడొచ్చు, మార్షల్ పెట్టెలు ప్లైవుడ్‌వే. అయితే 303 గ్రేడు మామూలు ప్లైలో లోపలి పొరల మధ్య ఖాళీలు దొరుకుతాయి. ఆ ఖాళీ మీద పన్ను పడితే చేత్తో వంచితేనే ఊడిపోతుంది. 710 గ్రేడు (మెరైన్ ప్లై) తీసుకోండి, అంచు చూసి పొరలు లెక్కపెట్టండి. 18 మి.మీ. పలకలో 13 పొరలుంటే పళ్ళకు పనికొస్తుంది. పైన 18 అని ముద్ర ఉన్నా కొలిస్తే చాలాసార్లు 17 చిల్లరే వస్తుంది, గాడి లోతు ఆ కొలతకే పెట్టాలి.

కలప ఆరబెట్టడం

సోంపేట, బారువ తీరంలో గాలి ఏడాదిలో చాలా నెలలు తేమగా ఉంటుంది. మిల్లులో అప్పుడే కోసిన పలకను కొంటే మధ్య మధ్య సన్న పుల్లలు పెట్టి నీడలో పేర్చి, కనీసం మూడు నాలుగు నెలలు వదిలేయాలి. తేమ కొలిచే మీటరు అక్కర్లేదు. ఒక పలక మీద గుర్తు పెట్టి వారానికోసారి తూకం వేయండి. మూడు వారాలు వరసగా తూకం మారకపోతే ఆ ఊరి గాలికి ఆ కలప సర్దుకున్నట్టే.

తేమ మారితే పలక పొడవు మారదు, వెడల్పు మారుతుంది. 276 మి.మీ. వెడల్పు పైన్ పలకలో తేమ నాలుగు శాతం పెరిగితే వెడల్పు 2 నుంచి 3 మి.మీ. పెరగొచ్చు. దీన్నుంచి రెండు నియమాలు పుడతాయి. ఒకటి, నాలుగు పలకల్లోనూ నరం పెట్టె చుట్టూ తిరిగేలా ఉండాలి, అప్పుడు నాలుగూ కలిసే ఉబ్బుతాయి, కలిసే తగ్గుతాయి. రెండు, నాలుగు పలకల పళ్ళూ ఒకే రోజు కోయాలి. ఈరోజు రెండు కోసి, వాన పడిన వారం తర్వాత మిగతా రెండు కోస్తే, మొదటి అంచున పళ్ళు కలుస్తాయి, చివరి అంచున కలవవు.

276 వెడల్పు ఒకే పలకలో దొరకడం కష్టం. మూడు పలకల్ని అంచుకు అంచు జిగురుతో జత చేసి, ఒక రోజు ఆరాక చిత్రిక పట్టి అన్నిటినీ ఒకే 18 మి.మీ. మందానికి తేవాలి. ఒక పలక 18, ఇంకోటి 18.6 ఉంటే మూలలు మెట్టు పడతాయి. పలక వంపు తిరిగి ఉంటే అది కోతప్పుడు పలకను నిలబెట్టే జిగ్ గోడకు ఆనదు, గాడుల లోతు ఒక్కోచోట ఒక్కోలా వస్తుంది.

పలకల కొలతలు: పైదీ కిందిదీ 501, పక్కవి 431. చివర్ల అర మిల్లీమీటరు చొప్పున పళ్ళు బయటికి పొడుచుకు వచ్చి, అతికాక చిత్రికతో సమం చేయడానికి ఆ అదనం. వెడల్పు మాత్రం ఇప్పుడే 276 చేయకండి, 279 వదలండి.

రౌటర్ బల్ల, జిగ్

12 మి.మీ. కాలెట్ (బిట్ కాడను పట్టే బిగింపు) ఉన్న పెద్ద రౌటర్‌ను 18 మి.మీ. ప్లై బల్ల కింద తలకిందులుగా బిగించాలి. బిట్ 12 మి.మీ. తిన్నటిది, కోత పొడవు కనీసం 25. చేత్తో పట్టే చిన్న ట్రిమ్మర్‌కు 6 మి.మీ. కాలెట్ ఉంటుంది; అంత సన్న కాడ మీద 12 మి.మీ. బిట్ పెట్టి 18 లోతు కోస్తే కాడ వంగుతుంది, విరగనూ వచ్చు. ట్రిమ్మర్ ఒక్కటే ఉంటే ముందు చేతి రంపంతో గాడిలోని కలప చాలావరకు తీసేసి, పక్కల మిగిలిన మిల్లీమీటరును మాత్రమే దాంతో శుభ్రం చేయండి.

జిగ్ అంటే బల్ల మీద ముందుకూ వెనక్కూ జరిగే ఒక నిలువు గోడ, ఆ గోడకు ఒక చిన్న కొయ్య బిళ్ళ. 400 పొడవు, 200 ఎత్తు ప్లై గోడను కింద ఒక పట్టీకి లంబంగా బిగించి, వెనక త్రికోణపు దన్నులు కొట్టండి. ఆ పట్టీ అటూ ఇటూ కదలకుండా బల్ల మీద రెండు గైడ్ పట్టీల మధ్య జరగాలి. గోడ ఎత్తు 200 ఎందుకంటే 501 మి.మీ. పలక దానికి ఆని నిలువుగా నిలబడాలి. పొట్టి గోడకైతే పలక ఊగుతుంది, గాడి వాలుతుంది. గోడకు ముందు ఇంకో సన్న ప్లై ముక్కను రెండు స్క్రూలతో పట్టించండి. స్క్రూ రంధ్రాలు పొడవాటి సందులుగా ఉంటే ఆ ముక్కను పక్కలకు జరుపుకోవచ్చు. బిళ్ళ ఉండేది ఈ ముక్క మీదే.

ఇప్పుడు బిళ్ళ. టేకు లేదా తుమ్మ లాంటి గట్టి కలపతో 150 మి.మీ. పొడవు పుల్ల తయారు చేయండి. దాని వెడల్పు బిట్ చెక్కిన గాడిలో అటూ ఇటూ ఊగకుండా జారాలి. బిట్ మీద 12 అని రాసి ఉన్నా గాడి 11.9 రావచ్చు, 12.1 రావచ్చు. కొలవాల్సింది బిట్‌ను కాదు, అది కోసిన గాడిని. ఎత్తు 8 మి.మీ. దాటకూడదు. ఈ 8 విషయంలో చాలామంది పొరబడతారు. 18 లోతును ఒకే దెబ్బకు కోయకూడదు, ముందు 10, తర్వాత 18.5. బిళ్ళ 15 ఎత్తుంటే మొదటి విడత 10 లోతు గాడి దాని మీద కూర్చోదు, పలక పైకి లేచి కోత చెడుతుంది.

పుల్లను రెండు ముక్కలు చేయండి. ఒకటి బిళ్ళ, రెండోది కొలత ముక్క. గోడ ముందున్న ముక్కలో గాడి కోసి, బిళ్ళను జిగురుతోనూ ఒక చిన్న స్క్రూతోనూ నిలపండి. స్క్రూ బిట్ దారికి దూరంగా ఉండాలి. రౌటర్ ప్లగ్ తీసేసి, కొలత ముక్కను బిట్‌కూ బిళ్ళకూ మధ్య పెట్టి, రెండింటికీ తాకేలా ముందు ముక్కను జరిపి బిగించండి. బిట్‌కూ బిళ్ళకూ మధ్య ఖాళీ ఎంతో పన్ను వెడల్పు అంత.

నమూనా అతుకు

అదే కలపలోంచి 100 మి.మీ. వెడల్పు ముక్కలు రెండు తీసి ముందు వాటి మీద కోయండి. నమూనాను కూడా 10, 18.5 రెండు విడతల్లోనే కోయాలి. బిళ్ళ దగ్గర కాస్త ఊగు ఉంటే రెండో విడతలో గాడి ఒక వెంట్రుక వెడల్పవుతుంది. ఒకే విడతలో కోసిన నమూనాలో అది కనిపించదు.

బిగుతు లెక్క సూటిగా ఉంటుంది. పన్ను వెడల్పులోంచి గాడి వెడల్పు తీసేయండి. పన్ను 12.15, గాడి 12.00 అయితే 0.15 బిగుతు, 23 భాగాల అతుకు సుత్తితో కొట్టినా దిగదు, దిగినా పలక అంచు చీలుతుంది. మనకు కావలసింది పన్ను గాడికంటే 0.1 మి.మీ. సన్నగా ఉండటం. జిగురు లేకుండా అరచేత్తో నొక్కితే దిగాలి, తలకిందులు చేస్తే ఊడి పడకూడదు. ఆ కొద్ది వదులు కూడా లేకుండా చేస్తే జిగురులోని నీటికి పళ్ళు ఉబ్బి, సగం దిగాక అక్కడే పట్టేస్తాయి. అప్పుడు వెనక్కీ రాదు, ముందుకూ పోదు.

కావలసిన కొలతకంటే పన్ను ఎంత లావుంటే బిళ్ళను బిట్ వైపు అంత జరపాలి, సన్నగా ఉంటే బిట్ నుంచి అంత దూరంగా. పదోవంతు మిల్లీమీటర్లలో చేత్తో జరపడం కుదరదు. ముందు ముక్క చివర, గోడకు ఒక ఆనుడు కొయ్య బిగించి, ఆ రెంటి మధ్య మామూలు జెరాక్స్ కాగితాలు పెట్టండి. ఒక్కో కాగితం మందం దాదాపు 0.1 మి.మీ. మొదట్లోనే అయిదారు కాగితాలు పెట్టి ఉంచుకుంటే, ఒకటి తీస్తే అటు, ఒకటి చేరిస్తే ఇటు. దీనికంటే నమ్మకమైన సర్దుబాటు చిన్న వర్క్‌షాపులో దొరకదు. నమూనా అతుకు నచ్చేదాకా అసలు పలకను ముట్టుకోవద్దు. అరపూట పోయినా సరే, మిగతా పనంతా దీని మీదే నిలబడింది.

అసలు కోత

నాలుగు పలకలకూ ముందు అంచు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. బిళ్ళకు ముందుగా ఆనేది ప్రతిసారీ ఆ అంచే. పలక రెండో చివర కోసేటప్పుడు పలకను తిప్పినా మళ్ళీ అదే అంచు బిళ్ళ వైపు రావాలి. ఈ ఒక్కటి తప్పితే పెట్టె మెలిక పడుతుంది.

పక్క పలకలతో మొదలుపెట్టండి. గుర్తున్న అంచును బిళ్ళకు ఆనించి, పలకను గోడకు క్లాంపుతో పట్టించి, నెమ్మదిగా ముందుకు తోయండి. అంచున ఒక పన్ను మిగిలి, పక్కన గాడి పడుతుంది. ఆ గాడిని బిళ్ళ మీద కూర్చోబెట్టి రెండోది, అలా చివరిదాకా. ప్రతిసారీ పలకను ఒకే పక్కకు నొక్కి పట్టాలి. ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకూ నొక్కితే ఆ ఊగు అంతా పోగై పదో గాడి దగ్గర పళ్ళు పక్కకు జరిగిపోతాయి. కోత పూర్తయ్యాక బిట్ తిరుగుతుండగా వెనక్కి లాగొద్దు. రౌటర్ ఆపి లాగండి.

పై, కింది పలకలు గాడితో మొదలవ్వాలి. బిళ్ళకు కొలత ముక్క ఆనించి, దానికి పలక అంచు ఆనించి మొదటి కోత కోయండి. అంచున పన్నుకు బదులు గాడి పడుతుంది. కొలత ముక్క తీసేసి, ఆ గాడి గోడను బిళ్ళకు ఆనించి మిగతావి మామూలుగానే.

బిట్ బయటికి వచ్చే వైపు కలప పీచు లేస్తుంది. గోడ ముందు ముక్కే దన్నుగా పనిచేస్తుంది గానీ, లోతు మార్చినప్పుడు అక్కడి రంధ్రం పెద్దదై దన్ను తగ్గుతుంది. పలక వెనక ఒక పనికిరాని సన్న ప్లై ముక్కను కలిపి క్లాంపు వేస్తే సరి. ప్లైవుడ్ పలకలకైతే గాడి అడుగు గీతను ముందే పదును కత్తితో గట్టిగా గీయండి, లేకుంటే పై పొర పెచ్చులుగా లేస్తుంది.

మధ్యలో కరెంటు పోతే ముందు స్విచ్ ఆపండి, తర్వాతే పలక ముట్టుకోండి. కరెంటు తిరిగొచ్చినప్పుడు గాడిలో ఇరుక్కున్న బిట్ ఒక్కసారిగా తిరిగితే పలక చేతిలోంచి ఎగురుతుంది. వోల్టేజి తక్కువున్న సాయంత్రాల్లో రౌటర్ వేగం తగ్గి కలప మాడుతుంది. మాడిన ముఖానికి జిగురు పట్టదు. ఉదయం పూట కోయండి. కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

పళ్ళు పూర్తయ్యాక అదనపు వెడల్పు తీసేయాలి. మనం కావాలనే పన్నును 11.9, గాడిని 12.0 చేశాం కాబట్టి 12 పళ్ళూ 11 గాడులూ కలిపితే 276 కాదు, 274.8 వస్తుంది. మొదట్లోనే 276కు కోసి ఉంటే చివరి పన్ను మిల్లీమీటరుకు పైగా లావై జోడు పలకలోకి దిగేది కాదు. ఇప్పుడు 23వ భాగం ముగిసిన చోట గీత గీసి, నాలుగు పలకల్నీ ఆ గీతకు రంపంతో చీల్చి చిత్రిక పట్టండి. జిగురు లేకుండా బిగించి చూడటం ఆ తర్వాతే.

రౌటర్ లేకపోతే

చేతి రంపం, 25 మి.మీ. ఉలితో కూడా ఇదే అతుకు వస్తుంది, పళ్ళు పెద్దవిగా ఉంటే చాలు. లోతు 275 పెట్టి 25 మి.మీ. భాగాలు 11 చేయండి. జిగురు పట్టే పక్క ముఖాలు 3200 చదరపు మి.మీ. చిల్లరకు తగ్గుతాయి, ఒక స్పీకర్ పెట్టెకు అది చాలు. మూలమట్టంతో గీతలు కత్తితో గీయాలి, పెన్సిల్ గీత మందమే తేడా తెస్తుంది. రంపం ఎప్పుడూ తీసేసే కలప వైపే నడవాలి, గీత మిగలాలి. గాడి అడుగును ఉలితో ఒక ముఖం నుంచి సగం, ఇంకో ముఖం నుంచి సగం కొట్టండి. ఒకే వైపు నుంచి కొడితే అవతల పెచ్చు లేస్తుంది. రెండో పలకకు కొలతలు కొత్తగా పెట్టొద్దు. మొదటి పలక పళ్ళను దాని చివర మీద పెట్టి, వాటి చుట్టూ కత్తితో గీసుకోండి. మొదటి దాంట్లో వచ్చిన చిన్న తేడాలు రెండో దాంట్లోకి అలాగే వస్తాయి, అతుకు కుదురుతుంది.

జిగురు

ఫెవికాల్ మెరైన్ వాడండి, తీరపు తేమకు మామూలు దానికంటే మెరుగు. వంద గ్రాములు తెస్తే మిగులుతుంది. వేసవి మధ్యాహ్నం ఎండలో జిగురు నిమిషాల్లో తోలు కడుతుంది, అందుకని తెల్లవారుజామున పెట్టుకోండి. అర అంగుళం బ్రష్‌తో గాడుల పక్క గోడలకు పలుచగా రాయాలి; అడుగున కుప్ప పోస్తే పన్ను దాని మీద తేలుతుంది. ఇద్దరుంటే నాలుగు మూలలూ ఒకేసారి. ఒక్కరే అయితే రెండేసి పలకలు అతికించి, మిగతా రెండు మూలలూ జిగురు లేకుండా బిగించి ఉంచండి. అప్పుడు మూల లంబం తప్పదు. రెండో రోజు మిగతావి.

పళ్ళు అర మిల్లీమీటరు బయటికి పొడుచుకు ఉంటాయి కాబట్టి క్లాంపు వాటి మీద ఆనకూడదు. పళ్ళకు సరిగ్గా వెనక ఒక పట్టీ పెట్టి దాని మీద నొక్కండి. నాలుగు బార్ క్లాంపులు కావాలి. లేకపోతే నైలాను తాడు రెండు చుట్లు చుట్టి మధ్యలో కర్ర దూర్చి మెలిపెట్టినా మూలలు దగ్గరికొస్తాయి. వెంటనే మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండూ 659, 660 దగ్గర సమానంగా ఉండాలి. తేడా ఉంటే పొడవెక్కువ వచ్చిన మూలల మీద ఇంకో క్లాంపు వేసి నొక్కి సమం చేయండి. ఒక రాత్రి క్లాంపులోనే వదిలేసి, మర్నాటిదాకా బరువు పెట్టొద్దు.

లోపల కారిన జిగురును తడిగుడ్డతో తుడవకండి, కలపలోకి ఇంకుతుంది. అరగంటకు రబ్బరులా అయ్యాక ఉలితో గీకేయండి.

లోపలి మూలల్లో బలానికని లోతు పొడవునా కొయ్య కడ్డీ అతికించే అలవాటు ఉంది. ప్లైవుడ్ పెట్టెకు పరవాలేదు. అసలు కలప పలకల పెట్టెకు మాత్రం ఇది చేటు. కడ్డీ నరం లోతు వెంట పోతుంది, పలక నరం దానికి అడ్డంగా ఉంటుంది. వానాకాలం పలక రెండు మిల్లీమీటర్లు ఉబ్బుతుంటే కడ్డీ కదలదు, చివరికి పలకే చీలుతుంది. బాఫిల్ నిలిపే 18 × 18 పట్టీలు పలక నరం వెంటే పోతాయి కాబట్టి వాటికి ఈ బాధ లేదు.

ముగింపు పనులు

పొడుచుకు వచ్చిన పళ్ళను చిత్రికతో సమం చేసేటప్పుడు ఎప్పుడూ మూల నుంచి పలక లోపలి వైపుకే తోయాలి. బయటికి తోస్తే పళ్ళ కొసలు ఊడతాయి. చిన్న ఖాళీలుంటే అదే కలప పొట్టును జిగురులో కలిపి నింపొచ్చు. అర మిల్లీమీటరు దాటితే పొట్టు నిలవదు, అదే కలపతో సన్న చీలిక చెక్కి జిగురుతో దిగ్గొట్టండి. తర్వాత 12 మి.మీ. గుండ్రం బిట్‌తో అంచులు, 120 నంబరు గరుకు కాగితం.

బాఫిల్ 12 మి.మీ. ప్లై, కొలత 460 × 390. లోపలి ఖాళీ 464 × 394 కాబట్టి చుట్టూ వదిలిన 2 మి.మీ. రెగ్జిన్‌కూ ముందు గుడ్డకూ సరిపోతాయి. 12 అంగుళాల సెలెస్టియన్‌కు రంధ్రం 283 మి.మీ.; వేరే కంపెనీదైతే దాని కొలతల కాగితం చూసి కోయండి.

రెగ్జిన్ వేసే ముందే పెట్టెను పరీక్షించాలి, వేశాక అతుకు తెరవలేరు. స్పీకర్ బిగించి, ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ నుంచి 80 మొదలుకొని 400 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పెంచుతూ వినండి. ఎక్కడైనా జివ్వుమంటే అక్కడే ఆపి ఒక్కో మూలనూ చేత్తో గట్టిగా నొక్కండి. నొక్కినప్పుడు మోత ఆగిన మూల లోపలి వైపు నుంచి సన్న సూది సిరంజితో పలచని జిగురు ఎక్కించి, క్లాంపు వేసి ఒక రాత్రి ఉంచండి. ఏ మూల నొక్కినా ఆగకపోతే అది అతుకు కాదు. బాఫిల్ స్క్రూలు, వెనక పలక స్క్రూలు, స్పీకర్ తీగ బాఫిల్‌కు తగిలే చోటు ఆ వరసలో చూడండి.